వెండి ఉప్పు, వెలుతురు, నీడ
(ఛాయాచిత్ర రసాయనాల చరిత్ర – నల్లగొండ సీమ నుంచి ఒక పరిశీలన)

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలలో 1990ల వరకు ఫోటో స్టూడియో అంటే ముందు గదిలో రంగుల తెర, వెనుక ఒక చీకటి గది. ఆ చీకటి గదిలో ఎర్ర బల్బు ఒకటి వెలుగుతూ ఉండేది. బల్ల మీద మూడు పళ్ళేలు. మొదటి దానిలో డెవలపరు, రెండవ దానిలో నీళ్ళు, మూడవ దానిలో హైపో. తెల్ల కాగితాన్ని మొదటి పళ్ళెంలో ముంచితే క్షణాలలో మనిషి ముఖం తేలి వచ్చేది. ఎర్ర దీపం ఎందుకు, తెల్ల దీపం ఎందుకు పనికిరాదు అని అడిగితే, తెల్ల వెలుతురు పడితే కాగితం పాడైపోతుందని స్టూడియోవారు చెప్పేవారు. ఆ జవాబు నిజమే. కాని దాని వెనుక మూడు వందల ఏళ్ళ రసాయనశాస్త్రం ఉన్నది. ముస్లిం విద్వాంసుల మధ్య ఇప్పటికీ పూర్తిగా సద్దుమణగని ఒక ధార్మిక చర్చకు కూడా అదే ఆధారం.

కెమెరా అన్న యంత్రం వేరు, దానిలో పెట్టే రసాయనం వేరు. ఈ రెంటినీ కలిపి చెప్పటం వల్లనే చాలా గ్రంథాలలో పొరపాట్లు దొర్లాయి. మొదటి దాని చరిత్రలో ముస్లిం శాస్త్రజ్ఞుల పాత్ర నిస్సందేహమైనది. క్రీ.శ. 965లో బస్రాలో జన్మించి, 1040 ప్రాంతంలో కైరోలో కన్నుమూసిన ఇబ్నుల్ హైసమ్ తన ‘కితాబుల్ మనాజిర్’లో చూపు, కాంతి గురించి ఏడు భాగాలుగా వ్రాశాడు. కంటి నుంచి కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయన్న పాత గ్రీకు అభిప్రాయాన్ని తోసిపుచ్చి, వస్తువు నుంచే కాంతి కంటికి చేరుతుందని నిరూపించాడు. సూర్యగ్రహణం ఆకారాన్ని గురించి వ్రాసిన వేరొక రచనలో, చీకటి గదిలోనికి చిన్న రంధ్రం గుండా వచ్చే వెలుగు గోడ మీద నెలవంక ఆకారంలో ఎందుకు పడుతుందో వివరించాడు. కెమెరాకు మూలమైన సూత్రం ఇదే.

ఇక్కడ హైదరాబాదుకు ఒక గౌరవం దక్కవలసి ఉంది. ఇబ్నుల్ హైసమ్ గ్రంథానికి కమాలుద్దీన్ ఫార్సీ వ్రాసిన వ్యాఖ్యానం ‘తన్‌కీహుల్ మనాజిర్’. గాజు గోళంలో నీరు నింపి, ఇంద్రధనుస్సు ఏర్పడే విధానాన్ని పరీక్షించి చెప్పినవాడు ఈ ఫార్సీయే. శతాబ్దాల పాటు వ్రాతప్రతులలోనే ఉండిపోయిన ఆ గ్రంథాన్ని 1928–30 మధ్య రెండు సంపుటాలుగా అచ్చు వేసినది హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్. లోహాలను, రత్నాలను గురించి అల్‌బిరూనీ వ్రాసిన ‘కితాబుల్ జమాహిర్’ను 1930లలో వెలువరించినదీ ఆ సంస్థే. నిజాం రాజ్యంలో ఒక తాలూకా కేంద్రంగా సూర్యాపేట ఉన్న రోజులలో, నూటముప్ఫై కిలోమీటర్ల దూరంలో ప్రపంచ కాంతిశాస్త్ర చరిత్రకు అవసరమైన మూలగ్రంథం అచ్చవుతూ ఉన్నదన్న సంగతి మన ప్రాంతంలో చాలామందికి తెలియదు.

రసాయనం విషయానికి వస్తే మాత్రం కొంచెం జాగ్రత్త అవసరం. ‘సిల్వర్ నైట్రేట్‌ను కనుగొన్నది జాబిర్ ఇబ్ను హయ్యాన్’ అన్న వాక్యం ఎన్నో వ్యాసాలలో, ఉపన్యాసాలలో కనిపిస్తుంది. వెండిని కరిగించే నత్రికామ్లాన్ని స్పష్టంగా వర్ణించిన రచనలు ‘గెబర్’ అన్న పేరుతో లాటిన్ భాషలో 1300 ప్రాంతంలో వెలువడ్డాయి. వాటికి అరబ్బీ మూలాలు ఇంతవరకు దొరకలేదు. జాబిర్ పేరు మీద ఉన్న అరబ్బీ గ్రంథాలన్నీ ఒకే వ్యక్తి వ్రాసినవి కావని పాల్ క్రౌస్ 1940లలో వాదించాడు. స్వేదనం, స్ఫటికీకరణం, లవణాల వర్గీకరణ వంటి ప్రక్రియలను అరబ్బీ రసాయనవేత్తలు ఎంతో ముందుకు తీసుకువెళ్ళారనటంలో సందేహం లేదు. కనుక రుజువు లేని ఒక గొప్పను అంటగట్టవలసిన అవసరం జాబిర్‌కు లేదు.

వెండి లవణం వెలుతురుకు నల్లబడుతుందన్న విషయం యూరపులో నిదానంగా బయటపడింది. సిల్వర్ నైట్రేట్ పొడి ఎండలో నల్లబడుతుందని ఆంజెలో సాలా 1614లో వ్రాశాడు. ఎండలో నల్లబడటానికి కారణం వేడియా, వెలుగా? జర్మన్ పండితుడు షుల్జ్ 18వ శతాబ్దం తొలి దశాబ్దాలలో ఈ ప్రశ్నను తేల్చాడు. సుద్దపొడిలో వెండి ద్రావణం కలిపి సీసాలో పోసి, సీసాకు అక్షరాలు కత్తిరించిన కాగితం చుట్టి ఎండలో పెట్టాడు. వెలుగు సోకినంత మేరకే నల్లబడి అక్షరాలు తేలాయి. పొయ్యి వేడికి ఏమీ కాలేదు. 1802లో వెజ్‌వుడ్, డేవీ అన్న ఇద్దరు ఆంగ్లేయులు ఈ విధంగానే తోలు మీద, కాగితం మీద బొమ్మలు రాబట్టారు. కాని వాటిని కొవ్వొత్తి వెలుగులో తప్ప చూడటానికి వీలులేకపోయింది. పగటి వెలుగులోకి తెస్తే మిగిలిన భాగం కూడా నల్లబడి బొమ్మ మాయమయ్యేది.

అంటే సమస్య బొమ్మను రాబట్టటం కాదు, దానిని నిలపటం. సోడియం థయోసల్ఫేట్ అన్న లవణం వెండి ఉప్పును కరిగించగలదని జాన్ హెర్షెల్ 1819లోనే గమనించాడు. 1839లో దానినే ఛాయాచిత్రాలకు ప్రయోగించాడు. వెలుగు తగలని వెండి ఉప్పును అది కడిగివేస్తుంది, నల్లబడిన వెండి మాత్రం మిగిలిపోతుంది. మన స్టూడియోలలోని ‘హైపో’ అదే. ఈ చిన్న విషయాన్ని పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవాలి. ధార్మిక చర్చలో ఇది మళ్ళీ వస్తుంది.

అదే 1839లో ఫ్రాన్సులో డాగేర్ పద్ధతి, ఇంగ్లండులో టాల్బట్ పద్ధతి లోకానికి వెల్లడయ్యాయి. 1851లో ఆర్చర్ గాజుపలక మీద కొలోడియన్ పూసి వెండి ద్రావణంలో ముంచే తడి పలక పద్ధతిని తెచ్చాడు. 1871లో డాక్టర్ మాడక్స్ కొలోడియన్‌కు బదులు జెలటిన్ వాడాడు. పశువుల ఎముకల నుంచి, చర్మాల నుంచి తీసే ఆ జిగురులో సిల్వర్ బ్రోమైడ్ రేణువులను నిలిపితే పలకను ఎండబెట్టి నెలల తరబడి దాచుకోవచ్చునని తేలింది.

తడి పలకకు, పొడి పలకకు గల తేడా తెలంగాణ ఎండలలో పనిచేసినవారికే బాగా తెలుస్తుంది. తడి పలకను పూసిన తరువాత అది ఆరిపోకముందే కెమెరాలో పెట్టాలి, చిత్రం తీయాలి, వెంటనే కడగాలి. వేసవిలో ఆ వ్యవధి కొద్ది నిమిషాలే. కనుక ఫోటోగ్రాఫర్ వెంట గుడారం, మందు సీసాలు, నీటి పీపాలు, వాటిని మోసే మనుషులు ఉండవలసిందే. అటువంటి రోజులలో ఈ విద్య నేర్చిన లాలా దీన్‌దయాళ్ (1844–1905) మీరట్ దగ్గరి సర్ధనాలో ఒక జైన కుటుంబంలో పుట్టాడు. ఇందూరులో పనిచేసి, 1880లలో హైదరాబాదు చేరి, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యాడు. 1894లో నిజాం ఆయనకు ‘రాజా’ బిరుదు ఇచ్చాడు. ‘ముసవ్విర్ జంగ్’ అన్న బిరుదు కూడా ఆయనదే. ముసవ్విర్ అంటే రూపమిచ్చేవాడు. అల్లాహ్ శుభనామాలలో అల్‌ముసవ్విర్ ఒకటని ఎరిగిన పాఠకులకు ఈ బిరుదు దర్బారులో ఎంత తేలికగా చెలామణి అయిందో చూస్తే కొంత ఆశ్చర్యం కలుగుతుంది. 1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం ఆయన ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో తెరిచాడు. దానిని నడిపినది మిసెస్ కెన్నీ లెవిక్ అన్న ఆంగ్ల వనిత. అక్కడకు పురుషులకు ప్రవేశం లేదు. ఆయన గాజుపలకలలో 2,857 నెగెటివులను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది.

ఆ కాలపు చిత్రాలలో ఒక విశేషం కనిపిస్తుంది. ఆకాశం ఎప్పుడూ తెల్లగా ఉంటుంది, మబ్బు కనబడదు. చామనచాయ మనిషి నల్లగా పడతాడు. ఎర్ర పగడీ నల్లన, పచ్చని చాదర్ కూడా నల్లన. దీనికి కారణం ఫోటోగ్రాఫర్ లోపం కాదు, వెండి లవణం స్వభావం. అది నీలి, ఊదా వెలుగును మాత్రమే పట్టుకుంటుంది. పసుపు, ఆకుపచ్చ, ఎరుపు దానికి చీకటితో సమానం. నల్లగొండ జిల్లా ఎర్రనేలలు, వరి పచ్చదనం, ఎండకు కమిలిన ముఖాలు అన్నీ ఆ పలక దృష్టికి ఒకే మసక రంగు.

దీనికి విరుగుడు 1873లో దొరికింది. బెర్లిన్ ఆచార్యుడు హెర్మన్ ఫోగెల్ తెప్పించుకున్న పొడి పలకలలో కొన్ని ఆకుపచ్చ వెలుగుకు కూడా స్పందించటం గమనించాడు. పరిశీలించగా, ప్రతిఫలనాలను ఆపటానికి వాటికి పూసిన పసుపు రంగే అందుకు కారణమని తేలింది. వెండి ఉప్పు రేణువుకు అంటుకున్న రంగు, తాను పీల్చుకున్న వెలుగు శక్తిని ఆ రేణువుకు అందిస్తుంది. ఎయోసిన్, ఎరిత్రోసిన్ వంటి రంగులతో పలక ఆకుపచ్చను చూడటం నేర్చింది, ఇది ఆర్థోక్రోమాటిక్. 1900ల తొలి దశాబ్దంలో పినాసయనాల్ వంటి రంగులతో ఎరుపును కూడా చూడగలిగింది, ఇది పాన్‌క్రోమాటిక్. బట్టలకు అద్దే రంగుల వంటి రంగే, చిటికెడు, పలక చూపును మార్చివేసింది.

ఇప్పుడు ఎర్ర దీపం రహస్యం తేటపడుతుంది. స్టూడియోలో బొమ్మ ముద్రించే కాగితానికి ఎరుపును చూపించే రంగు కలపలేదు. అందుకే ఎర్ర బల్బు కింద దానిని నిశ్చింతగా కడగవచ్చు. పాన్‌క్రోమాటిక్ ఫిల్మును మాత్రం పూర్తి చీకటిలోనే, చేతి స్పర్శతో కడగాలి. పాత చిత్రాన్ని చేతబట్టిన చరిత్రకారునికి కూడా ఈ సంగతి పనికి వస్తుంది. ఒక ఉర్సు చిత్రంలో ఆకుపచ్చ జెండా, ఎర్ర జెండా రెండూ సమానంగా నల్లబడి ఉంటే అది పాత పలక. పచ్చనిది తేలికగా, ఎర్రనిది నల్లగా ఉంటే ఆర్థోక్రోమాటిక్ అనుకోవచ్చు. అటువంటి చిత్రంలో ఒక మనిషి మేని ఛాయను బట్టిగాని, జెండా రంగును బట్టిగాని తీర్పు చెప్పటం తొందరపాటే అవుతుంది.

మరొక వింత ఆవాలకు సంబంధించినది. కొన్ని విడతల జెలటిన్‌తో చేసిన ఫిల్ము వెలుగును చురుకుగా పట్టేది, మరికొన్నింటితో చేసినది మందకొడిగా ఉండేది. కారణం అంతుపట్టలేదు. కోడాక్ సంస్థలో పనిచేసిన షెపర్డ్ అన్న శాస్త్రజ్ఞుడు 1925లో దానిని వెల్లడించాడు. జెలటిన్‌లో అత్యల్పంగా ఉన్న గంధక పదార్థాలే ఆ చురుకుదనానికి మూలం. ఆవాల ఘాటుకు కారణమైన నూనె అటువంటిదే. ఆవులు ఆవ జాతి మొక్కలు మేసినందువల్ల ఆ పదార్థం ఎముకల దాకా, అక్కడి నుంచి జిగురు దాకా చేరిందన్నమాట. ఆ తరువాత కంపెనీలు జెలటిన్‌ను శుద్ధి చేసి, గంధకాన్ని లెక్క ప్రకారం తామే కలపసాగాయి. 1930లలో బంగారు లవణాలు కూడా తోడయ్యాయి. వెండి, బంగారం, ఆవాల ఘాటు: ఫిల్ము డబ్బాలో ఉన్నది ఇదీ.

ఇంతకూ ఈ సరుకు మన పట్టణాలకు ఎట్లా చేరేది? హైదరాబాదు–విజయవాడ రహదారి మీద సూర్యాపేట, కోదాడ ఉన్నాయి. పలకలు, కాగితాలు, మందులు ఈ రెండు నగరాలలో ఏదో ఒకచోటు నుంచి రావలసిందే. 1948కి పూర్వం నిజాం రాజ్యానికి స్వంత సుంకపు శాఖ ఉండేది, దానినే కరోడ్‌గిరీ అనేవారు. బెజవాడ వైపు నుంచి వచ్చే సరుకు బ్రిటిషు ఇలాకా దాటి నిజాం ఇలాకాలో అడుగు పెట్టాలి. కోదాడ పక్కనే ఉన్న మునగాల పరగణా అయితే నాలుగు వైపులా నిజాం రాజ్యం ఉన్నా కృష్ణా జిల్లాకు చెందిన బ్రిటిషు భూభాగం. ఇంత చిన్న దూరంలో రెండు ప్రభుత్వాలు, రెండు నాణేలు.

నీరు కూడా ఒక చిక్కే. వెండి నైట్రేట్ ద్రావణానికి ఉప్పు తగిలిన బావినీరు కలిపితే పాలవలె విరిగిపోతుంది. నీటిలోని క్లోరైడు వెండితో కలిసి అడుగున చేరుతుంది. అందుకే శుద్ధజలం అవసరం. నల్లగొండ జిల్లా నీరు ఫ్లోరైడుకు పేరుమోసింది. ఫ్లోరైడును తొలగించే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అన్న పేరే స్థిరపడింది. చిత్రమేమంటే ఎముకలను వంకర చేసే ఆ ఫ్లోరైడు వెండి ద్రావణాన్ని ఏమీ చేయదు, సిల్వర్ ఫ్లోరైడు నీటిలో కరిగిపోతుంది. నెగెటివు మీద ఆరిన తరువాత తెల్లని మరకలు మిగిల్చేది నీటి కాఠిన్యం.

వెండి లేని రసాయనాలు కూడా ఈ ప్రాంతపు చరిత్రలో పనిచేశాయి. హెర్షెల్ 1842లో ఇనుప లవణాలతో నీలి ముద్రణను కనిపెట్టాడు. ఇంజనీర్ల నక్షాలకు చాలాకాలం ఆధారమైన ‘బ్లూప్రింటు’ ఇదే. తరువాత దాని స్థానంలో అమ్మోనియా ప్రింటు వచ్చింది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు వదిలిన నాగార్జునసాగర్ ప్రాజెక్టు వంటి నిర్మాణాలు నడిచినది ఇటువంటి నక్షాల యుగంలోనే. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల రూపురేఖలనే మార్చివేసింది. పంట, దాని వెనుక బియ్యం మిల్లులు, వాటి వెనుక బజారు, బజారులో ఫోటో స్టూడియోలు.

ఇక ధార్మిక చర్చ. ప్రాణుల బొమ్మలు చేసేవారిని గురించి హదీసులలో తీవ్రమైన హెచ్చరికలున్న సంగతి పాఠకులకు తెలిసిందే. ఆ హెచ్చరిక ఛాయాచిత్రానికి కూడా వర్తిస్తుందా? కట్టడాలు, కొండలు, చెట్లను గురించి పేచీ లేదు. ఈజిప్టు సైనికాధికారి ముహమ్మద్ సాదిఖ్ బే 1861లో మదీనాను, 1880లో మక్కాను చిత్రించాడు. ఈ రెండు నగరాల తొలి ఛాయాచిత్రాలు అవే. మక్కాకు చెందిన వైద్యుడు సయ్యద్ అబ్దుల్ గఫ్ఫార్ 1880లలో ఈ విద్య నేర్చాడు. ఢిల్లీకి చెందిన హెచ్.ఎ. మీర్జా 1907 ప్రాంతంలో తీసిన పుణ్యక్షేత్రాల చిత్రాలు హిందూస్థానంలో ప్రచారం పొందాయి. మన ఇళ్ళ గోడల మీది మక్కా మదీనా పటాలకు మూలం ఈ పరంపరే.

మనుషుల చిత్రాల విషయంలోనే అభిప్రాయభేదం. 1914 నుంచి కొన్నేళ్ళు ఈజిప్టు ముఫ్తీగా ఉన్న షేఖ్ ముహమ్మద్ బఖీత్ ఒక ప్రత్యేక గ్రంథం వ్రాసి, నిషేధం సృష్టికి పోటీగా లేని రూపాన్ని కల్పించటానికే వర్తిస్తుందని, ఇక్కడ మనిషి కల్పించినది ఏమీ లేదని, ఉన్న నీడను పట్టి నిలిపాడని, ఇది అద్దంలో ప్రతిబింబం వంటిదని వాదించాడు. ‘హబ్సుజ్జిల్’ అన్న ఆయన మాటకు అర్థం నీడను బంధించటం. తెలుగులో ‘ఛాయాచిత్రం’ అన్న మాట కూడా ఆ భావాన్నే మోస్తూ ఉండటం గమనార్హం. హిందూస్థానంలో మౌలానా సయ్యద్ సులైమాన్ నద్వీ 1919లో ‘మఆరిఫ్’ పత్రికలో వెసులుబాటు వైపు మొగ్గుతూ వ్రాశారు. దేవ్‌బంద్ పండితుడు ముఫ్తీ ముహమ్మద్ షఫీ దానికి సవిస్తరంగా సమాధానమిచ్చారు. అద్దంలోని ప్రతిబింబం మనిషి పక్కకు తొలగగానే పోతుంది. దానిని మసాలాతో, అంటే రసాయనంతో, స్థిరపరచిన క్షణం నుంచి అది ప్రతిబింబం కాదు, చిత్రమే అన్నది ఆయన వాదం. 1943లో నద్వీగారు తమ పూర్వాభిప్రాయాన్ని బహిరంగంగా ఉపసంహరించుకున్నారు. తాను వ్రాసిన దానిని వెనక్కు తీసుకున్నానని అదే పత్రికలో ప్రకటించటం పండితులలో అరుదైన నిజాయితీ.

అంటే ఇద్దరు విద్వాంసుల మధ్య గీత సరిగ్గా హెర్షెల్ హైపో దగ్గర పడింది. రసాయనశాస్త్రం ఈ వివాదాన్ని తీర్చలేదు, తీర్చటం దాని పనీ కాదు. కాని అది చెప్పే సంగతి ఇరుపక్షాలకూ కొంత ఇబ్బందికరమే. గర్నీ, మాట్ అన్న శాస్త్రజ్ఞులు 1938లో వివరించినట్లు, వెలుగు సోకిన రేణువులో మొదట ఏర్పడేది కొద్దిపాటి వెండి పరమాణువులు మాత్రమే. అది కంటికి కనబడని బొమ్మ. డెవలపరు దానిని కోట్ల రెట్లు పెంచితే తప్ప మనిషి చూడలేడు. కనుక వెలుగే అంతా చేసిందనటానికి లేదు. ఏ ముఖం ఎక్కడ పడాలో మనిషి చేయి నిర్ణయించలేదు గనుక చేతితో గీసినదీ కాదు.

నిషేధం వైపు ఉన్నవారు కూడా అవసరాన్ని అంగీకరించారు. పాస్‌పోర్టుకు ఫోటో తప్పనిసరి కావటంతో హజ్ యాత్రికుడు స్టూడియో మెట్లు ఎక్కక తప్పలేదు. 1993లో ఎన్నికల సంఘం ఫోటో గుర్తింపు కార్డులను ప్రవేశపెట్టిన తరువాత ఘోషాలో ఉన్న స్త్రీలకు కూడా ఇదే ప్రశ్న ఎదురైంది. దీన్‌దయాళ్ నూరేళ్ళ క్రితం ఆలోచించిన జనానా స్టూడియో వంటి ఏర్పాటు ఆనాడు చిన్న పట్టణాలలో ఎంత ఉపయోగపడి ఉండేదో ఊహించవచ్చు.

స్వదేశీ ఫిల్ము కోసం కేంద్ర ప్రభుత్వం 1960లో ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ సంస్థను స్థాపించింది. 1967లో ఉత్పత్తి మొదలై, ‘ఇందు’ పేరుతో నలుపు తెలుపు ఫిల్ములు, కాగితాలు, ఎక్స్‌రే ఫిల్ములు దేశమంతటికీ అందాయి. ముందు రంగుల ఫిల్ము, ఆ తరువాత డిజిటల్ కెమెరా ఆ సంస్థను మూసివేయించాయి. డిజిటల్ కెమెరాలో వెండి లేదు, హైపో లేదు. తెర మీద కనబడి పోయేది ప్రతిబింబమా, చిత్రమా అని విద్వాంసులు మళ్ళీ చర్చిస్తున్నారు. కాగితం మీద ముద్రించనంత వరకు అది చిత్రం కాదని కొందరు, రెండూ ఒకటేనని మరికొందరు అంటున్నారు.

2016లో సూర్యాపేట, కోదాడ కొత్త జిల్లాలోకి వెళ్ళాయి, మిర్యాలగూడ నల్లగొండలోనే మిగిలింది. పాత నలుపు తెలుపు చిత్రాలు మాత్రం మూడుచోట్లా ఇళ్ళలో, ట్రంకు పెట్టెలలో ఉన్నాయి. వాటిలో చాలా పసుపుబారుతున్నాయి. హైపోను చాలినన్ని నీళ్ళతో కడగకపోతే కాగితంలో మిగిలిన గంధకం కొన్నేళ్ళకు వెండిని తినివేస్తుంది. వేసవిలో నీటి ఎద్దడి ఉన్న ఊళ్ళలో కడుగు తగ్గటం సహజం. పాత నెగెటివులకు, ఎక్స్‌రే ఫిల్ములకు బజారులో ఇంకా వెల ఉంది. కొనేవారికి కావలసినది వాటిలోని ముఖాలు కాదు, వెండి. ఫిల్మును మందునీటిలో నానబెట్టి పొర ఊడదీస్తారు. ఆ వెండిని కరిగించి అమ్ముతారు.